పనసగుడలో నేను తుడిచేసిన సుక్రలు

ముందుగా హాజరు చెబుతాను. ఆ ఉదయం పనసగుడ బడి ముందు ఉన్నవారు, ఉన్నవి: విశాఖపట్నం పెద్దాఫీసు నుంచి కొండ కిందిదాకా జీపులో, ఆపైన కాలినడకన వచ్చిన పెద్ద సారు. ఆయన కూర్చోవడానికి బడిలోంచి తెచ్చిన కుర్చీ, దాని కాళ్ళు మూడున్నర. మా మేనేజరు అప్పలనాయుడు గారు. బంతిపూల దండ ఒకటి, అది ఎవరి మెళ్ళో పడాలో ఇంకా తేలలేదు. ఎర్రటి కాఫీ పళ్ళతో నిండిన బుట్టలు, వాటి వెనక ఊరు ఊరంతా. ఒక నల్లకుక్క. చిట్టచివర నేను, ఇస్త్రీ చొక్కాలో, రెండంచులా కన్నాలున్న ప్రింటవుటు కాగితాన్ని తాంబూలంలా రెండు చేతులా పట్టుకుని.

ఒక గంట గడిచేసరికి ఈ జాబితాలో పరువుతో మిగిలింది కుక్క ఒక్కటే. కుర్చీ కూడా అరగంటకే పడిపోయింది. నేను అంతకంటే ముందే పడ్డాను. ఎలా పడ్డానో వరసలో చెబుతాను, ఎందుకంటే వరస తప్పితే నాకు నిద్ర పట్టదు.

కొత్త శతాబ్దం మొదలైన రెండు మూడేళ్ళ నాటి మాట. నేను విజయనగరం వైపు వాణ్ణి, అప్పుడే ఎం.సి.ఏ. పూర్తి చేశాను. అనంతగిరి కొండల్లో కాఫీ రైతుల సంఘం ఒకటి ఉండేది. దానికి పెద్దాఫీసు వాళ్ళు ఒక కంప్యూటరు పంపారు. కంప్యూటరుతో పాటు దాన్ని నడిపే మనిషి కూడా కావాలి కాబట్టి నన్ను పంపారు. రెండింటిలో ముందు దిగింది కంప్యూటరే. దానికి గారంటీ కూడా ఉంది. నేను శుక్రవారం పుట్టానని, నాకు శుక్రవారమే కలిసొస్తుందని మా అమ్మ పట్టుబట్టడంతో నేను నాలుగు రోజులు ఆగి శుక్రవారం నాడు ఉద్యోగంలో చేరాను. ఈ శుక్రవారాన్ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. తరవాత అది నా మీదికే వస్తుంది.

కంప్యూటరుకి మిరియాల బస్తాలుండే గది ఇచ్చారు. బస్తాలు పోయినా ఘాటు పోలేదు. అందువల్ల నా మొదటి నెల ప్రోగ్రాములన్నీ తుమ్ముతూ రాసినవే. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలని నేను బోర్డు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి, మానిటరుకి కుంకుమ బొట్టు పెట్టారు అప్పలనాయుడు గారు. ఆయన నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్ద. అంత పెద్ద సంఘాన్నీ ఆయన అప్పటిదాకా నడిపిన పద్ధతి చూసి నేను హడలిపోయాను. వారం వారం సంతకు వెళ్ళడం, టీ కొట్టు బల్ల మీద కూర్చోవడం, వచ్చేపోయేవాళ్ళని పలకరించడం. అంతే! ఏ ఊళ్ళో పండు ముదిరింది, ఏ దారిలో గెడ్డ పొంగింది, ఏ ఊరికి జీపు ముందు పంపాలి, అన్నీ ఆ బల్ల మీదే తేలేవి.

"సార్, ఇది మేనేజిమెంటు కాదు," అన్నాను.

"మరేటయ్యా?"

"కబుర్లు. మేనేజిమెంటుకి మూడంతస్తులుంటాయి సార్. కింద రోజువారీ పని, మధ్యలో అజమాయిషీ, పైన నిర్ణయాలు. కింద డేటా వేస్తే, మధ్యలో సమాచారమై, పైన నిర్ణయమై బయటికి రావాలి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "అంటే సెరుకు మిషనులాగన్నమాట," అన్నారు. "కింద నువ్వు తిప్పితే పైన నేను తాగాల."

నాకు ఆ పోలిక నచ్చలేదు. కానీ క్లాసులో మా ప్రొఫెసరు గారు నాకిచ్చిన పోలిక ఇంతకంటే బాగుండలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

కరెంటు లేదు, కాగితం లేదు, రిపోర్టు పేరు మాత్రం మేనేజిమెంట్ ఇన్‌ఫర్మేషన్ సిస్టం. ఉన్న కాసేపు కరెంటులోనే సంఘం సభ్యుల పుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. ఊరి పేరు, ఇంటి పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు. పనసగుడ దగ్గరికొచ్చేసరికి నా వేళ్ళు ఆగిపోయాయి.

కొర్రా సుక్ర, తండ్రి సోమ్ర, వయసు నలభై. దాని కింద కొర్రా సుక్ర, తండ్రి సోమ్ర, వయసు నలభై. రెండు పేర్లు దాటాక మళ్ళీ కొర్రా సుక్ర, తండ్రి సోమ్ర. వయసు? అడక్కండి. నా ముందు పనిచేసిన గుమాస్తాకి నలభై అంకె మీద ఎందుకో ప్రేమ, మీసాలొచ్చిన ప్రతివాడికీ నలభై వేసి పెట్టాడు. ఇంకా ముందుకు పోతే కొర్రా మంగ్ల, తండ్రి బుద్ర, ఇద్దరు. కొర్రా సోమ్ర, తండ్రి ఐత, నలుగురు.

ఒక పేరుని మళ్ళీ మళ్ళీ రాయడానికి కారణం ఏమై ఉంటుంది? అనుభవజ్ఞుడైతే ఊరెళ్ళి అడుగుతాడు. నేను డిగ్రీ ఉన్నవాణ్ణి కాబట్టి కుర్చీలోంచి లేవకుండానే కనిపెట్టేశాను. గుమాస్తా నిద్రమత్తు! రాసిందే రాశాడు! మా క్లాసులో దీనికి డూప్లికేటు రికార్డు అని పేరు, దాన్ని పీకేయడానికి డేటా క్లీనింగ్ అని పేరు. ఆ అధ్యాయంలో నాకు నూటికి తొంభై ఒకటి వచ్చాయి.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అయింది నా పని. ఇంటి పేరు, పేరు, తండ్రి పేరు ఒకటైతే ఒక్కరిని ఉంచి మిగతావాళ్ళని తుడిచేసే ప్రోగ్రాము రాశాను. అంతటితో ఆగానా? గుమాస్తా ఒకచోట సోమ్ర అనీ, ఇంకోచోట సోమన్న అనీ రాసి ఉంటాడని, మొదటి అక్షరాలు కలిసినా ఒకరే అని లెక్క కట్టించాను. అదే నా తెలివికి పరాకాష్ఠ. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు చదువుతో కొంత పోయి మిగతాది కరెంటుతో పోయింది.

మీట నొక్కాను. పనసగుడ సభ్యులు అరవై ఒకరు. కళ్ళు మూసి తెరిచేలోగా ఇరవై ఎనిమిది మంది.

"సార్, పనసగుడ శుభ్రమైపోయింది," అని మేనేజరు గారికి ఆనందంగా చెప్పాను.

"మంచిది నాయినా. మొన్న వానకి ఆ ఊరి దారంతా రొచ్చయిపోయింది," అన్నారాయన.

ఆయన అనుకున్న శుభ్రం వేరు, నేను చేసిన శుభ్రం వేరు. ఇద్దరం సంతోషంగా విడిపోయాం.

రిపోర్టు ఇరవై రెండు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో రంగుల చక్రం. మేనేజరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఇదేటయ్యా, అట్టుని ముక్కలు కోసినట్టుంది?"

"పై చార్టు సార్. ఏ ఊళ్ళో ఎంతమంది సభ్యులో దాన్నిబట్టి ముక్క."

"ఈ సన్నముక్క ఎవరిది?"

"పనసగుడది సార్."

"పాపం," అంటూ సంతకం పెట్టారు. ఆ 'పాపం' ఎంత నిజమో అప్పటికి ఇద్దరికీ తెలియదు. నకిలీ పేర్లు తొలగించడమైనదని నేను తొమ్మిదో పేజీలో ఇంగ్లీషులో రాశాను. తొమ్మిదో పేజీ దాకా వెళ్ళిన మేనేజరు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని నాకు తరవాత తెలిసింది. రిపోర్టుని ఫ్లాపీలో ఎక్కించి, బస్సు కండక్టరు చేతికిచ్చి విశాఖపట్నం పంపాను.

వారం తిరక్కుండా పెద్దాఫీసు నుంచి ఫోను. మేనేజరు గారు సంతకు వెళ్ళారు, అంటే, ఆయన పాత సిస్టంలో లాగిన్ అయ్యారు. ఫోను నేనే ఎత్తాను.

"పనసగుడలో సభ్యులు ఇరవై ఎనిమిదేనా? మిషను ఫైలులో అరవై ఒకటని ఉంది."

ఈ మిషను సంగతి ఇక్కడ చెప్పాలి. కాఫీ పండుని కోసిన రోజే తోలు ఒలిచెయ్యాలి. లేకపోతే పులుస్తుంది, పులిస్తే రకం పడిపోతుంది. పనసగుడ నుంచి మా కేంద్రానికి రోడ్డు లేదు, కొండదారి. కోసిన పండుని ఆడవాళ్ళు నెత్తిన, మగవాళ్ళు కావిడితో దింపేసరికి సగం పండు బుసబుసలాడేది. తోలు ఒలిచే మిషను ఒకటి తమ ఊళ్ళోనే పెట్టమని వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. చివరికి మంజూరయ్యే దశకొచ్చింది. ఒకే ఒక షరతు: ఊళ్ళో యాభైమందికి తగ్గకుండా సభ్యులుండాలి.

ఇదంతా నాకు తెలుసు. మిషను ఒక ఫైలులో తెలుసు, సభ్యులు ఇంకో ఫైలులో తెలుసు. రెండు ఫైళ్ళనీ కలపడమే సమాచార వ్యవస్థ ప్రయోజనమని నేనే పరీక్షలో రాశాను. నా బుర్రలో మాత్రం ఎవరూ కలపలేదు.

"మిగతా ముప్పైమూడూ నకిలీలు సార్," అన్నాను గర్వంగా. "తీసేశాను."

"శభాష్!" అన్నారు పెద్ద సారు. "ఇన్నాళ్ళకి ఒక్కడు పనిచేశాడు. నేనే స్వయంగా వచ్చి విచారిస్తాను. యాభై లేకపోతే మిషను కొండవతలి సంఘానికి పోతుంది."

ఆయన చెప్పిన నాలుగు వాక్యాల్లో నా చెవికెక్కింది మొదటి మాట ఒక్కటే. మేనేజరు గారు సంతనుంచి రాగానే, "పెద్ద సారు పనసగుడ వస్తున్నారు సార్, మన కంప్యూటరు పనిని మెచ్చుకున్నారు," అని చెప్పాను. ఆయన వెంటనే పూలదండకి కబురు పంపారు.

ఆ విధంగా మనం మళ్ళీ పనసగుడ బడి ముందుకి వచ్చాం.

పెద్ద సారు నా ప్రింటవుటు అందుకుని, కళ్ళజోడు సర్ది, "పిలిచినవాళ్ళు లేచి నిలబడండి," అన్నారు. "కొర్రా సుక్ర, తండ్రి సోమ్ర!"

ఆరుగురు లేచారు.

పెద్ద సారు కాగితం చూశారు. ఆరుగురినీ చూశారు. మళ్ళీ కాగితం చూశారు. "ఒక్కరే లేవాలి. కొర్రా సుక్ర ఎవరు?"

"నేనే," అన్నారు ఆరుగురూ.

"తండ్రి పేరు సోమ్ర అయినవాడు మాత్రమే."

"అవును బాబూ, సోమ్రే," అన్నారు ఆరుగురూ, ఒక్క గొంతుతో. బడిలో పిల్లలు ఎక్కం చెప్పినట్టు.

పెద్ద సారు నా వైపు తిరిగారు. ఆయన చూపులో ఇంకా మెచ్చుకోలే ఉంది. "చూశావా? జాబితాలో ఒక్కడుంటే ఆరుగురిని నిలబెట్టారు. ఎంత ఏర్పాటు!" అందరూ సుక్రలే, జాబితాలో సుక్రలు మాయం అన్నట్టు అయింది ఆయనకి.

మేనేజరు గారు నా చెవిలో వంగారు. "ఒక్కడేటి? ఈ ఊళ్ళో సుక్రలు తొమ్మిదిమంది కదా. మిగతావాళ్ళేరి?"

"నకిలీలు సార్. తుడిచేశాను."

"ఏటి సేసినావు?"

ఆయన చదువుకున్న మనిషి, ఆఫీసులో భాష జాగ్రత్తగా మాట్లాడేవారు. ఆ క్షణంలో ఆయన నోట సొంతూరు మొత్తం దిగింది.

"ఓరి నీ తెలివి మండ! మీ హాస్టల్లో అప్పలరాజులు ఎంతమందిరా?"

"నలుగురు సార్."

"ఆళ్ళని తుడిచీసినావేటి?"

మా హాస్టల్లో నలుగురు అప్పలరాజులు. ఒకడు పొడుగు, ఒకడు బొబ్బిలి, ఒకడు మీసాలు, ఒకడు అప్పు. మూడేళ్ళు వాళ్ళ మధ్య బతికి, ఒక్కసారైనా ఎవరినీ ఇంకొకరనుకోలేదు. మరి ఇక్కడెందుకు ఇలా అయింది? హాస్టల్లో నా దగ్గర కంప్యూటరు లేదు.

ఈలోగా బుట్టల వెనకనుంచి ఒకావిడ లేచి ముందుకొచ్చింది. ఊళ్ళో కాఫీ కోసేవాళ్ళ జట్టుకి పెద్ద, పేరు చిలకమ్మ. ఊళ్ళో ఇంకెవరికీ లేని పేరు కావడం వల్ల నా ప్రోగ్రాము బారిన పడకుండా బతికిపోయిన కొద్దిమందిలో ఒకరు. ఆవిడ భర్త ఆ నిలబడ్డ ఆరుగురిలో మూడోవాడు.

"కంపూటరు బాబూ, నా మొగుణ్ణి తుడిచీసినావంట నిజవేనా?"

"అది... రికార్డునే అమ్మా. మనిషిని కాదు."

"ఇరవయ్యేళ్ళనుంచి ఆణ్ణి పొయ్యికాణ్ణించి అవతలికి లేపడం నా వల్ల కానేదు. నువ్వు మీట నొక్కి ఊళ్ళోంచే లేపీసినావు! ఆ మిషనేదో నాకూ ఒకటి ఇప్పించు బాబూ, పండు ఒలిసే మిషను తరవాత సూద్దాం."

ఊరంతా గొల్లుమంది. తుడుపు పడ్డ భర్త కూడా నవ్వాడు. నవ్వనివారు ముగ్గురు: పెద్ద సారు, మేనేజరు గారు, నేను.

"నవ్వులాపండి!" అన్నారు పెద్ద సారు. "యాభైమంది లెక్క తేలకపోతే మిషను ఇవ్వలేం. ఈ ఆరుగురూ ఆరుగురని రుజువేమిటి?"

నవ్వు ఠక్కున ఆగింది. చిలకమ్మ మొహం మారిపోయింది. "మిషను ఇవ్వవా సారుబాబూ?" అంది మెల్లగా. "పొద్దు కోసిన పండు కిందికి దిగేసరికి పులిసిపోతంది. మీ కేంద్రంలో ఆసన సూసి పక్కన పారేత్తన్నారు. ఈ యేడన్నా మిషనొత్తాదని కొత్త మొక్కలు కూడా ఏసినాం. పేరు ఒకటైతే పొట్టొకటవుద్దేటి?"

నాకు అప్పుడు అర్థమైంది, నేను తుడిచింది పేర్లని కాదు, ఆ మిషనుని. ఎలాగైనా దిద్దాలి. కానీ దిద్దే మార్గం కూడా నాకు కంప్యూటరు మార్గమే తెలుసు. పేర్లు కలిస్తే పుట్టినతేదీ చూడాలి! పుస్తకంలో ఉంది!

"అందరూ పుట్టినతేదీ చెప్పండి," అని ముందుకు దూకాను. మొదటి సుక్రని అడిగాను. గడ్డం ఉంది కాబట్టి ఆయన్ని గడ్డం సుక్ర అంటారట. "ఎప్పుడు పుట్టారు?"

"సామలు కోసీటప్పుడు."

"తేదీ?"

"తేదీ నేదు గానీ వారం ఉంది బాబూ."

"ఏ వారం?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. ఎండలో నిలబెట్టి, ఇది పగలా రాత్రా అని అడిగితే ఎలా చూస్తారో అలా. "సుక్రారం. నా పేరు సుక్ర కదేటి?"

పక్కనున్న రేడియో సుక్ర అందుకున్నాడు. భుజాన రేడియో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదట. "నేనూ సుక్రారవే. మా అయ్య సోమారం పుట్టినాడు, సోమ్ర. మంగళారం పుడితే మంగ్ల, బుధారం పుడితే బుద్ర, ఆదారం పుడితే ఐత. నీకు తెల్దేటి?"

నాకు తెల్దు. వారానికి ఏడు రోజులని మాత్రం తెలుసు.

నా బుర్రలో లెక్క దానంతటదే మొదలైంది. ఊరంతా ఒకే ఇంటి పేరు. మనిషికి ఏడు పేర్లు, తండ్రికి ఏడు పేర్లు. ఏడేళ్ళు నలభైతొమ్మిది. నలభైతొమ్మిది గళ్ళలో ఇంతమందిని వేస్తే ఒకే గడిలో ఇద్దరు ముగ్గురు పడకపోతేనే వింత! ఇంత అందమైన లెక్కని నేను నకిలీ అన్నానా!

ఉత్సాహం పట్టలేక, "అందరూ వారాలవారీగా వరసలు కట్టండి!" అని అరిచాను. "ఆదివారం ఇటు చివర, శనివారం అటు చివర!"

"ఏటి సేత్తన్నావయ్యా?" అన్నారు మేనేజరు గారు.

"టేబుల్ సార్! మనుషులతో!"

ఊరివాళ్ళకి ఇది బ్రహ్మాండమైన ఆటలా తోచింది. "ఒలే సోమ్రీ, ఇటు రా!" "ఓరి మంగ్లా, నీది ఆ వరస కాదురా!" అని ఒకర్నొకరు లాక్కుంటూ ఏడు నిలువు వరసలు కట్టారు. తరవాత తండ్రి వారం ప్రకారం అడ్డంగా సర్దుకోమన్నాను. బడి ముందంతా గళ్ళు గళ్ళుగా మనుషులు. కొన్ని గళ్ళలో ఒక్కరు, కొన్నింట్లో ఇద్దరు ముగ్గురు, సుక్రారం నిలువు సోమారం అడ్డం కలిసేచోట ఆరుగురు మగవాళ్ళు, సంత బస్సులోలా ఒకరి భుజం మీద ఒకరు. కొన్ని గళ్ళు పూర్తిగా ఖాళీ. నల్లకుక్క వెళ్ళి ఒకదాంట్లో కూర్చుంది.

పెద్ద సారు బాగా చూడాలని లేవబోయారు. కుర్చీ మిగతా అరకాలూ వదిలేసింది. మేనేజరు గారు పట్టుకోకపోతే ఆయన ఐత–బుద్ర గడిలో పడేవారు.

నేను భయంతో కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పెద్ద సారు నవ్వుతున్నారు. మొదట మీసాల్లో, తరవాత భుజాల్లో, చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా.

"నా పేరు వెంకటేశ్వరరావు," అన్నారు ఊరంతటికీ వినబడేలా. "మా ఆఫీసులో వెంకటేశ్వరరావులం ఐదుగురం. ఒకసారి నన్ను బదిలీ చేస్తే ఇంకో వెంకటేశ్వరరావు సామాను సర్దుకుని, పిల్లల్ని బడి మాన్పించి, వెళ్ళిపోయాడు. మూడు నెలలకి గానీ ఎవరూ కనిపెట్టలేదు. పాపం అక్కడే స్థిరపడ్డాడు."

"మీరెళ్ళాల్సిన ఊరికా సారుబాబూ?" అంది చిలకమ్మ.

"అవునమ్మా."

"మరి మీరు బతికిపోనారు. కంపూటరు బాబు చేతిలో పడుంటే ఐదుగురినీ కలిపి ఒకటి సేసీసును."

పెద్ద సారు గళ్ళలో ఉన్నవాళ్ళనీ, వారం పేరు లేక పక్కన కూర్చున్న చిలకమ్మ లాంటివాళ్ళనీ తనే ఒక్కొక్కర్నీ ముట్టుకుని లెక్కపెట్టారు. కుక్కని మినహాయించారు. లెక్క పాత పుస్తకంతో సరిపోయింది. తలకాయలు తలకాయలే. నిద్రమత్తు గుమాస్తాది కాదని రుజువైంది.

"మిషను పనసగుడకే," అన్నారు. ఊరు వేసిన కేకకి సిల్వర్ ఓక్ చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. ఆయన నా వైపు వేలు చూపించారు. "కానీ నువ్వు ఈ జాబితా మళ్ళీ తయారు చెయ్యాలి. నా బల్ల మీదికొచ్చేసరికి ఏ ఇద్దరూ ఒకరిలా కనిపించకూడదు. ఎలా చేస్తావో నీ ఇష్టం."

నాకు ఆలోచించే పని కూడా పెట్టలేదు ఆ ఊరు. వాళ్ళు ఏనాడో చేసుకున్న ఏర్పాటే ఉంది. గడ్డం సుక్ర. రేడియో సుక్ర. ఎలుగుబంటి తరిమితే చెట్టెక్కి, ఎలుగు పోయినా మర్నాటిదాకా దిగని ఎలుగు సుక్ర. అత్తోరింటికి వెళ్తే తిరిగిరాని అత్తోరి సుక్ర. చిలకమ్మ భర్త పొయ్యికాడ సుక్ర. నా టేబుల్‌లో 'ఊళ్ళో పిలిచే పేరు' అని ఒక గడి చేర్చాను. ఎలుగు సుక్ర వచ్చి, తను చెట్టెక్కింది కంప్యూటరులో రాయొద్దని బతిమాలాడు.

"మరేం రాయమంటారు?"

"ఎలుగుని తరిమిన సుక్ర అని రాయి."

"అంత గడి లేదు మామా. ఎనిమిది అక్షరాలే పడతాయి."

"అయితే ఎలుగునే తుడిచీ!"

"నేను తుడవడం మానేశాను," అన్నాను. ఆయన ఎలుగు సుక్రగానే ఉండిపోయాడు.

పూలదండ మిగిలిపోయింది. మేనేజరు గారు దాన్ని కొండ దిగాక జీపు అద్దానికి కట్టించారు. దిగే దారిలో చివరి మలుపు దగ్గర, "వచ్చే సంతకి నాతో రా. డేటా కాస్త టీతో కూడా ఎక్కుద్దేమో సూద్దాం," అన్నారు. వెళ్ళాను. ఆ తరవాత ప్రతి సంతకీ వెళ్ళాను. టీ కొట్టు బల్ల మీద తెలిసింది కంప్యూటరులోకి ఎక్కించేవాణ్ణి, కంప్యూటరు చెప్పింది బల్ల మీద అడిగి చూసేవాణ్ణి. రెండు సిస్టాలకీ పెళ్ళయింది. అడపాదడపా పోట్లాడుకున్నా, విడిపోలేదు.

కోతలు జోరందుకునే వేళకి మిషను వచ్చింది. ముక్కలు ముక్కలుగా విప్పి, కావిళ్ళకి కట్టి, సుక్రలూ సోమ్రలూ మోసుకొచ్చి బిగించారు. మొదటి బుట్ట చిలకమ్మదే. అప్పుడే కోసిన పండు పైన పోస్తే ఎర్ర తోలు ఒక పక్కకి, తెల్ల గింజలు ఇంకో పక్కకి జారుతుంటే ఆవిడ చెయ్యి పెట్టి గింజల్ని తడిమి, వాసన చూసింది. పులుపు లేదు. ఇంకో గుప్పెడు తీసి పక్కవాళ్ళకీ వాసన చూపించింది. తరవాత ఆవిడ మళ్ళీ ఆవిడైంది.

"కంపూటరు బాబూ, అందరి వారం అడిగినావు. నువ్వే వారం పుట్టినావు?"

నేను బుట్టల వంక చూశాను. చోడంబలి దాకతో వస్తున్న వాళ్ళ వంక చూశాను.

"సెప్పు, సిగ్గేటి?"

"శుక్రవారం," అన్నాను.

ఆ తరవాత అయిన గోలలో ఎవరేమన్నారో వరసలో చెప్పలేను. నా జీవితంలో వరస తప్పింది అదొక్కచోటే. రేడియో సుక్ర నన్ను వాటేసుకున్నాడు. గడ్డం సుక్ర అంబలి ముంత చేతిలో పెట్టాడు. అయితే పేరొక్కటే చాలదుగా, ఊళ్ళో పిలిచే పేరు కావాలి. దానికి పెద్ద చర్చ అవసరం పడలేదు. చిలకమ్మ ఒక్కమాటలో తేల్చేసింది: "తుడుపు సుక్ర."

ఎనిమిది అక్షరాల గడిలో హాయిగా పట్టింది.

అందువల్ల అరకు కాఫీ వేడి గ్లాసు చేత్తో పట్టుకుని, చెయ్యి కాలుతున్నా కింద పెట్టకుండా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకే పేరు రెండుసార్లు కనబడితే ముందు చెప్పులు వేసుకుంటాను, ఊరెళతాను, వారం అడుగుతాను, తండ్రి వారం అడుగుతాను, పెట్టిన అంబలి తాగుతాను. ఆ మీటని మాత్రం ముట్టను. ఏ జన్మలోనైనా ముట్టానా, నన్ను వెంకటేశ్వరరావుగా పుట్టించి ఆ ఐదుగురున్న ఆఫీసులోనే పడెయ్యవచ్చు.

మొన్న ఆ జాబితా మళ్ళీ చూశాను. పనసగుడలో సుక్రలు పదిమంది.